టోక్యోకి ముందెవరు?

పెద్దకోడలు ఆ ఉదయం టీ కప్పుతో పాటు ఒక నిర్ణయాన్ని కూడా తెచ్చి భర్త ముందు పెట్టింది.

"ఏవండీ, బడులు తెరిచే ముందు వారం మనం టోక్యో వెళ్తున్నాం. నాలుగు రోజులు. మనిద్దరమే!"

కళ్ళజోళ్ళ దుకాణం అన్నదమ్ములిద్దరిదీ. అన్న అద్దాలు అరగదీస్తాడు, తమ్ముడు వాటిని ఫ్రేముల్లో బిగిస్తాడు. ఒకరు లేకపోతే రెండోవాడు ఎలాగో నెట్టుకొస్తాడు, ఇద్దరూ లేకపోతే తలుపుకు తాళమే. బేరాలు పలచబడేది ఏడాది మొత్తానికి ఆ ఒక్క వారమే. కాబట్టి ఏ జంట ముందు అడిగితే ఆ జంటదే ప్రయాణం. ఏటా ఏదో ఒక వంకతో ఆ వారం చిన్నకోడలి ఒళ్ళోనే పడుతోంది. పెద్దకోడలు మొగుడితో కలిసి ఊరి పొలిమేర దాటి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. ఈసారి మాత్రం ఆ వారాన్ని వదలదలచుకోలేదు.

భర్త "అలాగే" అనేలోపే గోడ అవతలి గదిలోంచి చిన్నకోడలి గొంతు వినిపించింది.

"ఈసారి టోక్యో వెళ్ళాల్సిందేనండీ! ఆ పెద్ద టవరెక్కి ఫొటో దిగాలి. ఆ వారం మనకి కావాలని మీ అన్నయ్యకి ఇప్పుడే చెప్పేయండి."

పెద్దకోడలికి ఒళ్ళు భగ్గుమంది. తను కర్టెన్లు మారిస్తే మర్నాటికి ఆవిడా మారుస్తుంది. తను జుట్టు కత్తిరించుకుంటే సాయంత్రానికి ఆవిడా కత్తిరించుకుంటుంది. ఇప్పుడు టోక్యో కూడానా! నిజం చెప్పాలంటే, వారం రోజులుగా వంటింట్లో ఫోన్ గట్టిగా పెట్టి ఆ ఊరి వీడియోలు చూస్తున్నది తనే. చిన్నది విని కుళ్ళుకోవాలనే పెట్టింది. కుళ్ళుకుని ఊరుకుంటుందనుకుంది గానీ, తనకే ఎసరు పెడుతుందనుకోలేదు.

పోట్లాడితే పరువు తక్కువ. అందుకని తిన్నగా అత్తగారి గదికి నడిచింది. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, ప్రయాణాలంటే ప్రాణం. ఎక్కడికెళ్ళినా సొంత దిండు మోయిస్తుంది. నాలుగడుగులకోసారి కూలబడి, ఎదురైన వాళ్ళందరి యోగక్షేమాలూ కనుక్కుంటుంది. ఆవిడను వెంట తగిలిస్తే ఎంతటివాళ్ళైనా ప్రయాణం మానుకోవలసిందే.

"అత్తయ్యా, చిన్నమ్మాయి మిమ్మల్ని టోక్యో తీసుకెళ్ళాలని తెగ ముచ్చటపడుతోంది. పాపం, అడగడానికి మొహమాటం!"

అత్తగారు చేతికర్ర కూడా మరిచిపోయి చిన్నకోడలి దగ్గరికి వెళ్ళింది. చిన్నకోడలేమీ తక్కువ తినలేదు.

"అంత అదృష్టం నాకెక్కడిది అత్తయ్యా! మిమ్మల్ని తీసుకెళ్ళాలని అక్క ఎప్పుడో అనుకుంది. మీకోసం మెత్తటి బూట్లు కూడా చూసిపెట్టింది. నేను చెప్పానని అనకండేం!"

మధ్యాహ్నానికల్లా పెద్దకోడలికి ఆ బూట్లు కొనక తప్పలేదు. ఆ కసికొద్దీ, చిన్నది మీకు స్వెటర్ అల్లుతోందని అత్తగారి చెవిన వేసింది. చిన్నకోడలు ఏడవలేక నవ్వుతూ ఉన్ని కోసం పరుగెత్తింది. పోతూ పోతూ, టోక్యో అంతా అక్క మిమ్మల్ని చక్రాల కుర్చీలో తిప్పుతుందట అని చెప్పిపోయింది. సాయంత్రానికి అత్తగారు కొత్త బూట్లతో మెట్లెక్కి దిగుతూ, "నాకోసం కోడళ్ళిద్దరూ పోటీలు పడి చస్తున్నారు!" అని పక్కింటి పళ్ళ డాక్టరుకు మురిసిపోతూ చెప్పింది.

భోజనాల దగ్గర ఆవిడ గొంతు సవరించుకుంది. పెద్దకోడలు చెవులు రిక్కించింది. చిన్నదానితో వెళ్తానంటే చాలు, ఆ వారం తనదే.

"నా మోకాళ్ళతో నేనేం తిరుగుతానర్రా! నేను రాను."

కోడళ్ళిద్దరి ముఖాలూ వెలిగిపోయాయి.

"కానీ ఒకటి తెలిసొచ్చింది. ఇది వచ్చి దాని మంచితనం చెబుతుంది, అది వచ్చి దీని మంచితనం చెబుతుంది. ఇంత ప్రేమగా ఉన్నవాళ్ళని విడివిడిగా పంపడమేమిటి? మగవాళ్ళు దుకాణం చూసుకుంటారు. మీరిద్దరే వెళ్ళిరండి. ఒకే గది తీసుకుంటే చక్కగా కబుర్లు చెప్పుకోవచ్చు."

"అయితే దుకాణానికి ఏ ఇబ్బందీ లేదన్నమాట!" అన్నాడు మరిది హుషారుగా.

పెద్దకోడలు ఆశగా భర్త వైపు చూసింది. అడ్డుచెబుతాడేమో అనుకుంది. ఆయన అప్పటికే చెయ్యి కడుక్కుని టిక్కెట్ల కోసం ఫోన్ తీశాడు. అంత చురుగ్గా ఆయన్ని పెళ్ళిపీటల మీద కూడా చూడలేదామె. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకెంత సంతోషంగా ఉందో అక్కా!" అంది చిన్నకోడలు పళ్ళు బిగబట్టి.

"నాకూ అంతేనమ్మా."

కాసేపటికి భర్త తలెత్తి, టిక్కెట్లు రెండూ దొరికాయి గానీ, వాటిలో కిటికీ పక్క సీటు ఒక్కటేనన్నాడు.