హార్డ్ డిస్కుకు కుట్టుమిషన్ నూనె

ఆ ఉదయం మాహిరా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండు రోజులుగా ఆగకుండా కంప్యూటర్లో నడుస్తున్న లెక్క పదకొండు గంటలకు పూర్తవుతుంది. పన్నెండుకల్లా ఫలితాలు గైడు అర్జునరావుగారికి పంపాలి. మూడింటికి ఆయన వాటిని కమిటీ ముందు పెట్టాలి. పెడితే పరిశోధనకు ఇంకో ఏడాది గడువు దొరుకుతుంది, లేకపోతే నాలుగేళ్ల కష్టం గంగపాలే.

హార్డ్ డిస్కులో తిరిగే పళ్లెం మీద పల్చని కార్బన్ పూత ఉంటుంది. దాని మీద కంటికి కనిపించని నూనె పొర. వేడికీ ఒరిపిడికీ ఆ నూనె అణువులు ఎలా తెగి పాడవుతాయో కంప్యూటర్లో బొమ్మకట్టి లెక్కవేయడమే ఆమె పరిశోధన. ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు, నూనె అన్న ఒక్క మాట తప్ప.

ఆ ఒక్క మాటే కొంప ముంచింది. వన్‌టౌన్‌లోని ఆ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నది ముందు గదిలోనే, అందుకే మాహిరా కంప్యూటర్ పెట్టె కూడా అక్కడే. ఆ గది ఆమె తాత, దాదా గులాం మొహమ్మద్ కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం. యాభై ఏళ్లుగా ఆయన వైద్యం ఒకటే: అరిచిన మిషన్‌కు నూనె చుక్క.

"ఏటి బేటీ, నిన్నటి నుంచీ ఈ పెట్టి టకటకలాడతంది? నూనె లేక మొత్తుకుంటంది."

"దాదా, నీకు దండం పెడతాను. దాని మీద చెయ్యి మాత్రం వెయ్యకు."

ఆయన చెయ్యి వెయ్యలేదు. మాహిరా లోపలికెళ్లి రొట్టె ముక్క నోట్లో పెట్టుకునేలోపు నూనె డబ్బా మూతి పెట్టె కంతల్లో వేశాడు. ఆమె తిరిగొచ్చేసరికి పెట్టె కంతల్లోంచి నూనె జారుతోంది. తెర మీద లెక్క ఆఖరి అంచె, తొంభై ఏడు శాతం.

"ఏం చేశావు దాదా!"

ఆ కేకకు, తన భార్య సీతాలు కుట్టుమిషన్ బాగైందేమోనని వచ్చి బల్ల మీద కూర్చున్న ఎల్లారావు లేచాడు. అతనికి తెలిసిన యంత్రం చేపల వేటకెళ్లే బోటు ఇంజను.

"నూనె ఎక్కువైపోనాదా గులాం బావా? తలకిందులు సేసి వంపేత్తే సరి. పట్టమ్మా ఒక సెయ్యి!"

"ముట్టుకున్నావంటే ఊరుకోను మావా!" అంటూ మాహిరా నేల మీద కూలబడి పెట్టెను వాటేసుకుంది.

మనవరాలు పెట్టెను పట్టుకుని కేకలు పెట్టడం చూసి నాయనమ్మ, దాదీ సర్దార్ బీ ఆమెకు కరెంటు షాక్ కొట్టిందనుకుంది. పరుగున వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేసింది. ఇన్వర్టర్ అందుకుని కీచుకీచుమంది. ఆ కూత విని, లోపల నూనె అంటుకుందనుకుని బిందెడు నీళ్లు తెచ్చింది.

"దాదీ, ఆ బిందె దించు! మీ ముగ్గురూ గోడకానుకుని నిలబడండి. ఒక్కరు కదిలితే నేను సముద్రంలో దూకేస్తాను!"

ముగ్గురూ నిలబడ్డారు. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. నూరు. ఎల్లారావు చప్పట్లు కొట్టాడు. మాహిరా ఫలితాల ఫైలు నొక్కింది. డిస్కు మూడుసార్లు టక్కుమని, ఆపైన నోరు మెదపలేదు.

"ఇక చాలా, దాదా? నాలుగేళ్లు! ఒక్క చుక్కతో పోగొట్టావు అన్నీ!"

గులాం మొహమ్మద్ నూనె డబ్బాను బల్ల కిందికి తోసి తల వంచుకున్నాడు. మాహిరా ఆయన వైపు చూడకుండానే పెట్టెను ఆటోలో వేసుకుని వెళ్లిపోయింది.

యూనివర్సిటీ ల్యాబులో అర్జునరావుగారు డిస్కు మూత విప్పించారు. గట్టిగా బిగించిన మూత అది. దాదా నూనె దాని గడప కూడా తొక్కలేదు. అయితే అద్దంలా ఉండాల్సిన పళ్లెం మీద గుండ్రంగా గీత పడి ఉంది.

"లోపలి నూనె పొర ఎండి తెగిపోయిందమ్మా, పూత కూడా గీసుకుపోయింది. ఇంత పాత డిస్కు నీకెవరిచ్చారు?"

"మీరే సర్. కొత్తది దండగని మీ బీరువాలోంచి తీసిచ్చారు."

సారు ఆ మాట విననట్టు డిస్కు మీదికి వంగారు. పళ్లాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. ఉన్నట్టుండి ఆయన ముఖం వెలిగిపోయింది.

"రెండేళ్లుగా కమిటీవాళ్లు, ఇదంతా కంప్యూటర్లో బొమ్మలే కదా, నిజంగా జరిగింది చూపించండని ప్రాణం తోడేస్తున్నారు. ఇదిగో జరిగింది! కమిటీకి ఇదే చూపిస్తాను!"

ఆయన అటు వెళ్లగానే మాహిరా ఇంటికి ఫోన్ చేసింది.

"దాదా, తప్పు నీ నూనెది కాదు. డిస్కులో నూనే అయిపోయింది. నోటికొచ్చినట్టు అన్నాను, మాఫ్ చెయ్యి."

"నాను పొద్దున్న సెప్పిందీ అదే కదేటి బేటీ," అన్నాడాయన నెమ్మదిగా. వెనక నుంచి దాదీ గొంతు వినిపించింది: "మెయిన్ ఎయ్యొచ్చేటో అడుగు. పొద్దుట్నుంచి ఉక్కతో సత్తన్నాం!"

నాలుగింటికి కమిటీ ఏడాది గడువు ఇచ్చింది. కాకపోతే ఒక్క డిస్కు సాక్ష్యం చాలదని, మరో తొమ్మిదింటిని పాడుచేసి చూపాలని, అందుకు తగిన సిబ్బంది వివరాలు రాసివ్వాలని షరతు పెట్టింది. మాహిరా అక్కడే కూర్చుని తన ఇంటి చిరునామా రాసిచ్చింది.