ముప్పై మీటర్ల మర్యాద

"ఇవాళ బోటు చుక్కాని నీదే" అని తండ్రి ప్రకటించేసరికి పెళ్లై నెల తిరగని ఆ అమ్మాయి నోటినిండా పేస్టు నురగ. సరేనని గట్టిగా తల ఊపింది. అద్దం నిండా చుక్కలు పడ్డాయి. పక్కనే తువ్వాలు పట్టుకున్న మొగుడు ఆమెకన్నా ఎక్కువ మురిసిపోయాడు.

"కానీ గాలాల దారాలు చిక్కుపడ్డాయో, సీజనంతా ఒడ్డునే కూర్చుంటావు" అన్నాడు తండ్రి.

పాఠమంతా ఆమెకు కంఠతా. అడుగు అందని నీరు, ఈడ్చిపారేసే ప్రవాహం. బోటు మెల్లగా సాగాలి, గిరుక్కున తిరగకూడదు. గాలాలను లోతుకు లాగే ఇనపగుండ్లు రెండూ ఒకే లోతులో ఉండకూడదు. చేపలు ఎక్కువుండే ముప్పై మీటర్లు తండ్రిది, మొగుడిది ఇరవై. అప్పుడు ప్రవాహం ఎటు నెట్టినా ఒకదాని కింద నుంచి ఇంకొకటి పోతుంది.

నీళ్లలోకి వెళ్లాక ఆమె బోటును ముక్కుసూటిగా నడిపింది. వెనక గుండ్లు దించే గిలక కిర్రుమంది. కాసేపటికి మళ్లీ కిర్రుమంది. వెనక్కి చూస్తే ఒట్టు.

"పడింది మామయ్యగారూ!" మొగుడి కేక.

"నాకూ పడింది అల్లుడుగారూ!"

"మహా గుంజుతోందండీ!"

"నాదీ అంతే! మీరు ఆపితే ఇదీ ఆగుతోంది. విచిత్రం!"

చివరికి పిచ్చుకగూడంత దారపుండ పైకొచ్చింది. చేప మాట దేవుడెరుగు, పొలుసైనా లేదు.

"వంకర తిప్పావు కదూ?" తండ్రి గద్దించాడు.

"చీమంత కూడా తిప్పలేదు నాన్నా!"

"మరి చిక్కెలా పడింది? చుక్కాని ఇటు తే."

ఎంత ఆలోచించినా తన తప్పేమిటో తోచక ఆమెకు ఏడుపొచ్చింది. దారాలు ఊడి పైకొచ్చినా, వేరే తీగలకు వేలాడే గుండ్లింకా నీళ్లలోనే ఉన్నాయి. చుక్కాని వదలబోతూ, గిలకల మీద లోతు చూపే మీటర్ల వైపు చూసింది.

"నాన్నా, రెండూ ఇరవై చూపిస్తున్నాయేం?"

తండ్రి మబ్బుల్లోకి చూశాడు. "మొదటి చేప అల్లుడుగారికి పడాలని... ఆయన మంచినీళ్లు తాగుతుంటే లోతులు మార్చానమ్మా. ఆయనది ముప్పైకి దించి, నాది ఇరవైకి లేపాను."

మొగుడి చెవులు ఎర్రబడ్డాయి. "నాది ముప్పైలో కనిపించింది. పెద్దాయన లోతు మనకెందుకులే అని, మళ్లీ ఇరవైకి లేపేశాను."

ఆమె పకపకా నవ్వి చుక్కానిని మళ్లీ బిగించి పట్టుకుంది. తండ్రి గొంతు సవరించుకున్నాడు.

"రేపు కూడా చుక్కాని నీదే. గాలం మాత్రం ఒక్కటే దించుదాం."

"ఎవరిది నాన్నా?"

"అల్లుడుగారిదే."

"అయ్యో, మీదే మామయ్యగారూ!"

దారం ఇంకా నీళ్లలో పడకుండానే రేపటి చిక్కు మొదలైంది.