బ్యాటరీకి గాలాడాలి

ఆ రోజు పొద్దున్న ఆ ఇంట్లో జరగవలసిన పని ఒక్కటే. కోడలు తొమ్మిదింటికల్లా కొత్త కరెంటు కారు వేసుకుని, రెండు వీధుల అవతల ఉన్న ఫిజియోథెరపీ క్లినిక్కుకి వెళ్ళాలి. అక్కడ డాక్టరమ్మ కారెక్కి ఊరంతా ఓ చుట్టు తిరిగి చూస్తుంది. నచ్చితే, నడవలేని రోగుల్ని ఇంటి నుంచి క్లినిక్కుకీ, క్లినిక్కు నుంచి ఇంటికీ చేర్చే పని కోడలిది. ఆ పని వస్తుందన్న నమ్మకంతోనే ఆమె బట్టల షాపులో ఉద్యోగం మానేసింది. ఆ నమ్మకంతోనే కారూ కొన్నది. పని రాకపోతే ఆ కారు కూరగాయలు తేవడానికి తప్ప ఎందుకూ కొరగాదు.

మామగారికి మాత్రం ఏ బెంగా లేదు. కారు సంగతి ఆయన రాత్రే చూసుకున్నారు. ఆయన జీవితమంతా లారీల అడ్డా పక్కన బ్యాటరీల కొట్టు నడిపిన మనిషి. హారను మోత విని బ్యాటరీ వయసు చెప్పేస్తారని పేరు. మాట తక్కువ. మాట్లాడితే చివర "అంతే" అంటారు. ఆ తర్వాత ఇంకొకరు మాట్లాడటానికి ఏమీ మిగలదు. కొట్టులో ఆయన పెట్టిన నియమం ఒకటుండేది. బ్యాటరీలకు చార్జింగు పెడితే తలుపులు బార్లా తీసి ఉండాలి. లోపల పుట్టిన గ్యాసు బయటికి పోవాలి, బ్యాటరీకి గాలాడాలి. కొట్టు మూసేసిన నాటిదాకా అక్కడ ఒక్క బ్యాటరీ పేలలేదు.

అందుకని ముందురోజు రాత్రి, చార్జి నిండిందని కోడలు వైరు తీసేసి, తాళం చెవి గూట్లో పెట్టి పడుకున్నాక, ఆయన ఆ తాళం చెవి తీసుకుని షెడ్డులోకి వెళ్ళి కారు నాలుగు తలుపులూ తీశారు. వెనక డిక్కీ కూడా ఎత్తారు. గాలికి మూసుకుపోకుండా చెక్కముక్కలు అడ్డం పెట్టారు. పొగ వస్తే తన గది కిటికీలోంచి కనబడాలని కారు లోపలి లైటు వేశారు. తెల్లవారి అందరికంటే ముందు లేచి, అన్నీ మూసి, చెక్కముక్కలు గోడవార పేర్చి, తాళం చెవి మళ్ళీ గూట్లో పెట్టేసి, ఏమీ ఎరగనట్టు వరండాలో పేపరు పట్టుకు కూర్చున్నారు. లైటు ఆర్పవలసిన పని ఆయనకు పడలేదు. అది అప్పటికే ఆరిపోయి ఉంది. మంచి బండి, దానంతట అదే ఆర్పుకుంటుంది అని మెచ్చుకున్నారు కూడా.

కోడలు తయారై షెడ్డులోకి వెళ్ళింది. తాళం చెవి మీద మీట నొక్కింది. చప్పుడు లేదు. తలుపు తీసి కూర్చుని స్టార్ట్ బటన్ నొక్కింది. ఎదురుగా ఉన్న తెర నల్లగా అలాగే ఉంది. మళ్ళీ నొక్కింది. తర్వాత గట్టిగా నొక్కింది, మెల్లగా నొక్కింది, చూడనట్టు అటు తిరిగి నొక్కింది.

"అత్తయ్యా! బండి పలకడం లేదు!"

అత్తగారు పొయ్యి మీద పాలు పొయ్యి మీదే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. వచ్చి, షాకు కొట్టకుండా రబ్బరు చెప్పులు తొడుక్కుని కారుకి దూరంగా ఆగిపోయింది.

"ముందు దిగు. దిగి మాట్లాడు. కరెంటు బండి, ఏ మూల నుంచి కొడుతుందో ఏమో!"

"కరెంటు లేకే కదా అత్తయ్యా, కదలనిది?"

"లేనప్పుడే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దిగమంటే దిగు!"

ఇంతలో ప్రహరీ గోడ మీద ఒక తల లేచింది. అది పక్కింటి వార్తల బాబాయిది. ఇన్సూరెన్సు ఆఫీసులో రిటైరైన దగ్గర్నుంచి ఆయనకు ఫోనే ఆఫీసు. లోకంలో ఎక్కడ ఏది కాలినా, కూలినా, పేలినా ఆ వీడియో ముందు ఆయన దగ్గరికొచ్చి, ఆయన ద్వారానే వీధిలోకి పోతుంది.

"పోయిందా బ్యాటరీ? నే చెప్తూనే ఉన్నాను. కొత్తది వేయించాలంటే ఇంకో కారు కొన్నంత అవుతుంది తల్లీ!"

"మొన్న పేలుతుందన్నారు కదా బాబాయిగారూ? చచ్చిపోయినది ఎలా పేలుతుంది?"

"ముందు చస్తుంది, తర్వాత పేలుతుంది. దాని పద్ధతే అంత. పైగా పక్కన నిలబడితే గుండె లయ కూడా తప్పుతుందట."

"కంపెనీ వాళ్ళు బ్యాటరీకి ఏళ్ళ తరబడి గ్యారంటీ రాసిచ్చారండీ."

"బ్యాటరీకిచ్చారు. మనకిచ్చారా?"

వరండాలోంచి మామగారు పేపరు దించకుండానే అన్నారు. "పేలదు. అంతే."

రాత్రంతా గాలాడిన బ్యాటరీ ఎలా పేలుతుంది అని ఆయన ధీమా. ఎందుకు పేలదని ఆయన్ని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు.

కోడలు కంపెనీకి ఫోను చేసింది. అవతల సంగీతం వినిపించి, ఆగి, మళ్ళీ అదే సంగీతం మొదలైంది. ఇక లాభం లేదని డాక్టరమ్మకి చేసింది. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు. "బండి స్టార్ట్ కావట్లేదండీ" అంది. అవతలి నుంచి "నడిచొచ్చే దూరమేగా, నేనే వచ్చి చూస్తాను, ఉండు" అని వినబడింది. కోడలు గబగబా కారు దగ్గరికెళ్ళి మళ్ళీ బటన్ నొక్కింది.

సరిగ్గా అప్పుడే వార్తల బాబాయి ముక్కు ఎగబీల్చాడు.

"వాసన! మాడు వాసన! వదినా, బ్యాటరీ అంటుకుంది!"

నిజంగానే మాడు వాసన వస్తోంది. అత్తగారు కెవ్వుమంది. బాబాయి ఒక చేత్తో ఫైరింజనుకి ఫోను చేస్తూ, రెండో చేత్తో వీధిలో పిల్లల్ని లోపలికి తరుముతున్నాడు. అత్తగారు మొక్కలకు నీళ్ళు పెట్టే పైపు లాక్కొచ్చి కారు మీదికి తిప్పింది.

"నీళ్ళు వద్దు వదినా! నీళ్ళు తగిలితే వీధి వీధంతా షాకు కొడుతుంది!"

ఆ మాటకి ఆవిడ పైపుని పాముని విసిరినట్టు విసిరేసింది. పైపు ఊరుకోలేదు. మెలికలు తిరుగుతూ కారుని తడిపింది, కారు లోపల సీట్లను తడిపింది, గోడ మీద బాబాయిని తడిపింది, వరండాలో పేపరుని తడిపింది. బాబాయి కళ్ళు మూసుకుని షాకు కోసం ఎదురుచూశాడు. అది రాకపోయేసరికి కళ్ళు తెరిచి, గోడ దూకి, దొరికిన పూలకుండీ దొరికినట్టు ఎత్తి కారు టాపు మీద మట్టి కుమ్మరించసాగాడు.

"ఆగండి బాబాయిగారూ! నా బండి! నా కొత్త బండి!"

"బతికుంటే ఇంకోటి కొనుక్కోవచ్చమ్మా, తప్పుకో!"

ఫైరింజను గంట మోగించుకుంటూ వీధిలోకి వచ్చేసరికి, ఇళ్ళలో ఉండవలసిన వాళ్ళందరూ వీధిలో ఉన్నారు. దాని వెనకాలే, భుజాన సంచీతో, డాక్టరమ్మ నడుచుకుంటూ వచ్చింది. నీళ్ళు కారుతున్న కారు, దాని నెత్తిన మట్టి, మట్టిలో రెండు బంతి మొక్కలు. ఆమె కారు చుట్టూ ఓసారి తిరిగింది.

ఫైరాఫీసరు కారు మీద చెయ్యి పెట్టి చూశాడు. నేల మీద పడుకుని కింద చూశాడు. "చల్లగా ఉంది, ఏమీ లేదు" అన్నాడు. తర్వాత ముక్కు ఎగబీలుస్తూ వాసన వచ్చిన దారినే వెళ్ళి, ఇంట్లోకి పోయి, పట్టకారుతో ఒక నల్లటి గిన్నె పట్టుకుని బయటికొచ్చాడు.

"మాడింది ఇదండీ."

"అయ్యో, నా పాలు!" అంది అత్తగారు.

వీధి వీధంతా గొల్లుమంది. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. కోడలి దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"మంట లేదు, సంతోషం. మరి బండి ఎందుకు కదలట్లేదు? మా పేషెంట్లు దిగి తొయ్యగలిగేవాళ్ళు కాదమ్మా. దారి మధ్యలో ఇలా ఆగితే వాళ్ళు ఎటూ పోలేరు. నాకు ఒక్కటి చెప్పు. ఇది దానంతట అదే చచ్చిందా?"

కోడలు అరచేత్తో కారు అద్దం మీద నీళ్ళు తుడవసాగింది. కళ్ళలోవి తుడుచుకోలేదు.

అప్పుడు మామగారు లేచారు. తడిసిన పేపరు కుర్చీలో పెట్టి, షెడ్డు మూలనున్న తన పాత పెట్టెలోంచి వైర్లూ, ఓ చిన్న బల్బూ తీసుకొచ్చారు. "కారు ముందువైపు మూత తియ్యి అమ్మాయ్" అన్నారు. కోడలు మూత ఎత్తింది. లోపల ఓ మూల చెప్పుల పెట్టెంత బ్యాటరీ ఉంది. ఆయన జీవితమంతా అమ్మిన రకమే, కాస్త చిన్నది.

"పెద్ద బ్యాటరీ అడుగున ఉంటుంది మావయ్యగారూ. ఇది లైట్లకీ, తెరకీ, పెద్దదాన్ని నిద్ర లేపడానికీ."

ఆయన బల్బు వైర్లు రెండూ దానికి ఆనించారు. బల్బు వెలగలేదు. లైట్లకీ అన్న మాట ఆయన చెవిలో ఉండిపోయింది. తీసిపెట్టిన తలుపులు, వేసిపెట్టిన లైటు, తెల్లవారేసరికి తనంతట తాను ఆరిపోయిన లైటు. ఆయన బల్బు జేబులో వేసుకున్నారు.

"నీ కారు ఇటు తీసుకురా" అన్నారు బాబాయితో.

"దీన్నుంచి నాదానికి ఏమైనా అంటుకుంటుందేమో అన్నయ్యా!"

"తీసుకురా. అంతే."

బాబాయి పెట్రోలు కారు వచ్చింది. రెండింటికీ వైర్లు కలిపారు. కోడలు సీటులో నీళ్ళు తుడిచి కూర్చుని బటన్ నొక్కింది. తెర వెలిగింది. పెద్ద బ్యాటరీ అంచుదాకా నిండి ఉందని చూపించింది. జనం చప్పట్లు కొట్టారు.

బాబాయి మాత్రం పెదవి విరిచాడు. "ఇవాళ వెలిగింది, రేపో? రాత్రికి రాత్రి దానంతట అది దిగిపోయిందంటే పుట్టుకతోనే లోపం అన్నమాట."

డాక్టరమ్మ తలూపింది. "అదే నా భయం కూడా. ఏమనుకోకమ్మా" అని సంచీ సర్దుకుంది.

"నేనే" అన్నారు మామగారు.

ఎవరికీ వినబడలేదు. ఆయన ఇంకాస్త గట్టిగా అన్నారు. "రాత్రి గూట్లో తాళం చెవి తీసుకుని తలుపులు తీసిపెట్టింది నేనే. లైటు వేసింది నేనే. అందుకే దిగిపోయింది. అంతే."

ఆ 'అంతే' తర్వాత కూడా జనం మాట్లాడటం ఆయనకు అదే మొదటిసారి.

"చూశారా డాక్టరమ్మా!" బాబాయి రెండు చేతులూ జోడించాడు. "కోడలి కోసం నింద నెత్తిన వేసుకుంటున్నాడు! బ్యాటరీలతో తలపండిన మనిషి, ఈయన బ్యాటరీని చంపుతాడా?"

ఫైరాఫీసరు టోపీ తీసేశాడు. ఎవరో ముసలాయన కళ్ళు ఒత్తుకున్నాడు. కోడలు కూడా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"వద్దు మావయ్యగారూ. నా కోసం మీరు చెయ్యని పని చేశానని అనొద్దు. మీరు పొరపాటు చెయ్యడమేంటి?"

"చేశానమ్మాయ్! ఇవిగో చెక్కముక్కలు, తలుపులకి అడ్డం పెట్టినవి!"

"షెడ్డన్నాక చెక్కముక్కలుండవా అన్నయ్యా" అన్నాడు బాబాయి.

"పాత బ్యాటరీల లెక్కన దీనికీ గాలాడాలనుకున్నాను! దీనికి గాలితో పనే లేదని తెలీక చేశాను! బుద్ధి లేక చేశాను! వినరేం?"

అంత పొడుగు మాట ఆయన నోట ఎవరూ విని ఎరగరు. కాబట్టి అది నిజం కాదని అందరికీ రూఢి అయిపోయింది.

"పెద్దాయనా, మీ మంచి మనసు అర్థమైంది" అంది డాక్టరమ్మ. "కానీ నా పేషెంట్ల సంగతి నేను చూసుకోవాలి కదా." ఆమె గేటు వైపు నడిచింది.

మామగారు చుట్టూ చూశారు. కోడలి మొహం చూశారు. జీవితంలో ఎవర్నీ సాయం అడగని మనిషి, భార్య వైపు తిరిగారు.

"ఏమే, నువ్వన్నా చెప్పవే."

"ఏం చెప్పమంటారు?"

"నేను... పొరపాట్లు చేస్తానని."

అత్తగారు మాడిన గిన్నె కింద పెట్టింది. పైట సర్దుకుంది. గేటు దాకా వెళ్ళి డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది.

"మీకు తీరికుందా డాక్టరమ్మా? కూర్చోండి. పొరపాట్లు చెయ్యడట! ఈయనా! నేను కాపురానికొచ్చిన వారంలోనే, రేడియో సెల్లులు ఎండలో పెడితే మళ్ళీ నిండుతాయని, మా అమ్మిచ్చిన పెట్టె మీద ఆరబెట్టాడు. అవి కారి పెట్టె మూత తినేశాయి. నేను ఏడుస్తుంటే, చెక్క మంచిది కాదన్నాడు!"

"అది చెక్క..." అనబోయి మామగారు ఆగిపోయారు. "అవును. నా తప్పే."

"ఆ చలికాలమే, బ్యాటరీకి చలేస్తుందని తెచ్చి మంచం కింద పెట్టాడు. తెల్లారేసరికి యాసిడ్ కారి దుప్పటికి జల్లెడలా చిల్లులు. ఎలకలు కొట్టాయన్నాడు. ఇంట్లో ఎలకలే లేవండీ! ఆయన మాట నిలబెట్టడానికి బోను కూడా కొన్నాం!"

"కొన్నాం" అన్నారు మామగారు ఉత్సాహంగా. "ఒక్క ఎలకా పడలేదు."

"తర్వాత మా తమ్ముడు కొత్త సైకిలు తెస్తే, దాని దీపం కాంతి చాలదని లారీ బ్యాటరీ కట్టాడు. వాడు సైకిలెక్కితే సైకిలు వాణ్ణి ఎక్కింది!"

డాక్టరమ్మకి మొదట పెదవుల మీద, తర్వాత భుజాల్లో, చివరికి ఒళ్ళంతా నవ్వొచ్చింది. మెట్టు మీద కూలబడి కళ్ళు తుడుచుకుంది.

"అయితే ఈ బండి దానంతట అది చావలేదు. మీరు చంపారు."

"ముమ్మాటికీ" అన్నారు మామగారు.

"బండిలో లోపం లేదు."

"లేదమ్మా. లోపమంతా నాలోనే ఉంది. అంతే."

ఈసారి ఆ మాట తర్వాత ఎవరూ మాట్లాడలేదు. డాక్టరమ్మ లేచి, బంతి మొక్కలు రెండూ తీసి పక్కన పెట్టి, తడి సీటు మీద సంచీ పరుచుకుని కారెక్కింది. కోడలు పోనిచ్చింది. నీళ్ళతో స్నానం చేసి, మట్టి కప్పుకున్న కారు చప్పుడు లేకుండా వీధి మలుపు తిరిగింది. బాబాయి ఫోను ఎత్తి వీడియో తీశాడు కానీ, అందులో కాలింది గానీ పేలింది గానీ లేకపోవడంతో ఎవరికీ పంపలేదు.

ఊరంతా తిరిగి వాళ్ళు వెనక్కి వచ్చేసరికి కోడలి మొహం చూస్తేనే సంగతి తెలిసిపోయింది. "రేపట్నుంచి వచ్చెయ్" అంది డాక్టరమ్మ దిగుతూ. "తాళం చెవి మాత్రం గూట్లో పెట్టకు."

మామగారు నిశ్చింతగా వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. ఆ ఇంట్లో అసంతృప్తి మిగిలింది అత్తగారికొక్కతికే. డాక్టరమ్మ తొందరపడి ఒప్పేసుకుంది కానీ, ఆవిడ చెబుతున్న ఆయన పొరపాట్ల చిట్టా ఇంకా కాపురంలో మొదటి ఏడాది కూడా దాటలేదు.