రెండు తొమ్మిదులు

ఆ పొద్దున నాంగ్ హోమ్ వేసుకున్న పథకం చాలా సులువైనది. తొమ్మిదికి అతిథి వస్తుంది, తొమ్మిదికే పొయ్యి మీంచి సెనగపిండి జావ దింపాలి. వేడిగా ఉన్నంతసేపే అది జావ. ఆరితే ఇటుక.

అతిథి పేరు వరున్యా. చియాంగ్ మై నుంచి వచ్చింది. వాగుకు ఇటు బాన్ మోక్, అటు వాన్ లోయ్. ఈ రెండు కొండ ఊళ్లలో ప్రయాణికులు ఎక్కడ దిగితే మేలో పత్రికకు రాస్తుంది. రాత్రి వాన్ లోయ్‌లో హోమ్ చెల్లెలు సెంగ్ సత్రంలో పడుకుంది. ఇవాళ హోమ్ వంతు. వానలు పట్టినప్పటి నుంచి బాన్ మోక్‌లోని ఆమె సత్రంలో ఆరు గదులూ ఖాళీ. ఈ జావ కుదరకపోతే ఇక సత్రానికి తాళమే.

వాగే సరిహద్దు. ఇటు థాయి గంట, అటు బర్మా గంట. అటువాళ్లు అరగంట వెనక. "అతిథిని తొమ్మిదికి పంపు" అని హోమ్ ముందురోజే కబురు పెట్టింది.

తొమ్మిదయింది. జావ దించింది. తొమ్మిదింబావయింది. వంతెన మీద ఒక మేక తప్ప ఎవరూ లేరు.

"చూశావా? సెంగ్ కావాలనే ఆపింది. ఈపాటికి రెండో గిన్నె పోస్తూ ఉంటుంది."

మొగుడు సాయ్ టోంగ్ మీసం దువ్వుకున్నాడు. ఆయన రోజుకు పది మాటలాడితే ఆరు కుక్కతోనే.

"దారిలో బురద..."

"దాన్నే వెనకేసుకురా! మన పెళ్లినాడు నా గాజులు తొడుక్కుని నావేనంది. అప్పుడూ నువ్వు నోరు మెదపలేదు. వెళ్లి అతిథిని తీసుకురా!"

టోంగ్ వంతెన దాటాడు. సెంగ్ గోడ గడియారం తొమ్మిదీ ఐదు చూపిస్తోంది. వరున్యా బూట్లు కట్టుకుంటోంది.

"ఏం బావా, కాపలాకొచ్చావా?" అంది సెంగ్. "తొమ్మిదికి పంపమంది. ఐదు నిమిషాలకే పోలీసును తోలిందా? నా మీద అంత అనుమానమా?"

"అబ్బే..."

"అయితే కూర్చుని తిను. తినకపోతే, నేను మందు పెడతానని చెప్పి పంపిందనుకుంటాను."

టోంగ్ ఆలోచించాడు. తినకపోతే మరదలి అనుమానం నిజమైపోతుంది. తిన్నాడు. బాగుంది కూడా.

ఇద్దరూ వంతెన దాటి వచ్చేసరికి, గుమ్మంలో నిలబడ్డ హోమ్ అతిథిని చూడలేదు, మొగుడి మీసం చూసింది. మీసం మీద పసుపుపచ్చటి చుక్క.

"నువ్వూనా!"

గిన్నెలో గరిటె నిటారుగా నిలబడి ఉంది. హోమ్ పళ్లు కొరుకుతూ జావను ముక్కలుగా కోసి కాగుతున్న నూనెలో పడేసింది. సాయంత్రం పిల్లలకు పెట్టే చిరుతిండి పెద్ద అతిథికి పెట్టాల్సి వచ్చిందని ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వరున్యా ఒక ముక్క తిన్నది. తర్వాత పళ్లెం ఖాళీ చేసి మళ్లీ చాపింది.

"వింతగా ఉందండీ. అక్కడి గడియారంలో తొమ్మిదింబావుకు బయలుదేరి పది నిమిషాలు నడిచాను. మీ గడియారంలో పది కావస్తోంది."

హోమ్ చేతిలో అట్లకాడ ఆగింది. "నేను చెప్పింది మా తొమ్మిది కదా! సెంగ్ దాన్ని తన గంటకు మార్చుకోవద్దూ?"

"నువ్వే మార్చి చెప్పావనుకుంది. పెద్దదానివి కదా," అన్నాడు టోంగ్. ఆ ఏడాది ఆయన మాట్లాడిన వాటిలో అదే పొడుగైన మాట.

నెల తర్వాత పత్రిక వచ్చింది. "ఏ ఊరు మేలని అడగకండి. బాన్ మోక్‌లో తొమ్మిదికి వేపుడు తిని వంతెన దాటండి. వాన్ లోయ్‌లో ఇంకా తొమ్మిది కాదు, వేడి జావ దొరుకుతుంది." ఇటు ఆరు గదులూ నిండాయి, అటూ నిండాయి. హోమ్ ఇప్పుడు రోజూ జావను పనిగట్టుకుని పాడుచేస్తోంది. చెల్లెలు ఆ రోజు తన మంచి కోరి కావాలనే ఆలస్యం చేసిందేమోనన్నది ఆమె కొత్త అనుమానం.

టోంగ్‌కు మాత్రం ఏ అనుమానమూ లేదు. రెండు తొమ్మిదులకూ తింటున్నాడు.