విరగని చేతికి కట్టు

ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదికల్లా దరఖాస్తు మీద నాన్న సంతకం, పదింటికి ఆసుపత్రి, గడువు ముగిసే పదకొండులోపు ఎముకల డాక్టరు చేతికి కాగితం. పదో తరగతి పిల్లల్లో ఒక్కరికే, సెలవుల్లో నెల రోజులు డాక్టర్ల వెంట వార్డుల్లో తిరిగే అవకాశం ఇస్తారు. ఇంట్లో అందరూ ‘డాక్టరమ్మ’ అని పిలిచే ఆ పిల్ల దీనికోసం రెండేళ్లుగా కాచుకుని ఉంది.

అయితే ఎముకల డాక్టరు కట్టు కట్టడం వచ్చా అని అడక్కుండా వదుల్తాడా అన్న అనుమానం ఆమెకు ఏడింటికి వచ్చింది. మందుల షాపులో కొన్న పిండికట్టు చుట్టలు బల్ల మీదే ఉన్నాయి. కావలసిందల్లా ఒక చెయ్యి.

“బిడ్డ చదువుకి చెయ్యివ్వకపోతే ఇక తండ్రెందుకు?” అన్నారు మాస్టారు.

“మీరు చెయ్యివ్వడం నాకేమన్నా కొత్తా?” అంది వంటింట్లోంచి ఆయన భార్య.

ఎడమ చేతికి గడియారం ఉంది కనుక ఆయన కుడి చెయ్యి చాపారు. అది మామూలు చెయ్యి కాదు. సాయంత్రాలు పెద్దవాళ్లకు అక్షరాలు దిద్దించే చెయ్యి. ‘ఇక్కడ వేలిముద్ర నిషిద్ధం’ అని తరగతి గోడ మీద బోర్డు రాసిన చెయ్యి.

డాక్టరమ్మ దూది చుట్టింది. తడిపిన కట్టు చుట్టింది. ఆరాక, పుస్తకంలో చెప్పినట్టు తేదీ, టైము అడుగువైపున స్కెచ్ పెన్నుతో రాసింది. బొటనవేలితో సహా మోచేతి దాకా చెయ్యి తెల్లగా, నున్నగా, బండరాయిలా తయారైంది.

“భేష్! ఇక విప్పెయ్ తల్లీ, సంతకం పెట్టాలి.”

“విప్పడం తర్వాతి పాఠం నాన్నా. ఇంకా చదవలేదు.”

గోరువెచ్చని నీళ్లకు కట్టు కరగలేదు. కత్తెర పళ్లు ఇకిలించింది. కత్తిపీట రాగానే మాస్టారు కుర్చీ ఎక్కారు. “ఇది చెయ్యే బాబూ, గుమ్మడికాయ కాదు!” ఎడమ చేత్తో పెట్టి చూసిన సంతకం వానపాము పాకినట్టుంది. బడి రికార్డులో ఉన్న సంతకమే చెల్లుతుందని దరఖాస్తులో స్పష్టంగా ఉంది. గడియారం తొమ్మిదీ నలభై చూపిస్తోంది.

“ఆసుపత్రిలో కట్టు కోసే రంపం ఉంటుంది. పద నాన్నా!”

ఆసుపత్రిలో ముందుబల్ల దగ్గరి నర్సు కాగితం వైపు చూడనైనా లేదు, కట్టునే చూసింది.

“కూర్చోండి, ఎక్స్‌రేకి తీసుకెళ్తారు.”

“విరగలేదమ్మా!”

“అందరూ అదే అంటారు. కదలకండి.”

చక్రాల కుర్చీ ముందు, దరఖాస్తు వెనక. ఎముకల డాక్టరు గది చేరేసరికి పదీ నలభై ఐదు. ఆయన ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి చూశాడు. తిప్పి మళ్లీ చూశాడు. మొహం ఎర్రబడింది.

“ఎముక ఉక్కులా ఉంది. బాగున్న చేతికి కట్టు కట్టిన మహానుభావుడెవరు?”

రాత్రంతా డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు గోడకు ఆనుకుని ఉన్నాడు. కళ్లు మందారాల్లా ఉన్నాయి.

“నేనే అయ్యుంటాను సార్. రాత్రి పదకొండు కట్లు కట్టాను. మొహాలు గుర్తులేవు.”

“అయితే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు.”

డాక్టరమ్మ నోరు తెరవబోయింది. మాస్టారు ఆమె కాలు తొక్కి, “చెయ్యి కట్టావు, చాలు. ఓ పది నిమిషాలు నోటికి కూడా కట్టు వేసుకో” అని గొణిగారు. నోరు మూసుకుంటే సీటు, తెరిస్తే రెండేళ్ల కల గోవిందా. కుర్ర డాక్టరు మెడలోని స్టెతస్కోపు తీసి, మడిచి, బల్ల మీద పెట్టాడు.

“ఆయన కాదు సార్. నేను కట్టాను,” అంది డాక్టరమ్మ.

“కట్టుకథలు చెప్పకు!”

“అడుగున చూడండి సార్.”

డాక్టరు చెయ్యి తిప్పి చూశాడు. ఆ రోజు తేదీ. ఉదయం ఏడూ నలభై. రక్తం ఆడుతోందా అని వేళ్ల గోళ్లు నొక్కి రంగు చూశాడు. దూది అంచులు తడిమాడు.

“నిజమే. మావాళ్లెవరూ టైము రాసి చావరు,” అన్నాడు. తర్వాత కుర్ర డాక్టరు వైపు తిరిగి, “వెళ్లి పడుకో. చెయ్యని తప్పులు కూడా ఒప్పుకుంటున్నావు,” అని, డాక్టరమ్మ చేతిలోని కాగితం వైపు చెయ్యి చాపాడు. “నీ దరఖాస్తు ఏదమ్మా?”

“నాన్న సంతకం లేదు సార్. కట్టు కోయిస్తే ఒక్క నిమిషంలో...”

“కోయడమా? కట్టంటే ఇలా ఉండాలని దీన్ని రేపు పొద్దున మా జూనియర్లందరికీ చూపించాలి. అందాకా ఎవ్వరూ ముట్టుకోవద్దు.”

పదీ యాభై ఏడు. డాక్టరు వేలు దరఖాస్తు అడుగున చిన్న అక్షరాల దగ్గర ఆగింది. సంతకం చేయలేనివారు ఎడమ బొటనవేలి ముద్ర వేయవలెను. నీలి సిరా డబ్బా మాస్టారి ముందుకు జరిగింది. సూదిని చూసిన పసివాడిలా ఆయన దాన్ని చూశారు.

“ఇంకో దారి లేదా తల్లీ?”

“రెండు నిమిషాలే ఉన్నాయి నాన్నా!”

మాస్టారు కళ్లు మూసుకుని నొక్కారు.

ఆ సాయంత్రం తరగతికి ఆయన బదులు, భార్య చేతిరాతలో ఒక సెలవు చీటీ వచ్చింది. దాని కింద నీలంగా, గుండ్రంగా మాస్టారి వేలిముద్ర ఉంది.