వెర్డా పేర తీసుకున్న గది

జూలైలో వచ్చే పూర్వీకుల పండుగకు వార్మ్ ఫోర్క్ వేడినీటి బుగ్గల దగ్గర ఎక్కడ బస చేయాలన్నది థేన్ హాల్వర్సన్ ఇంట్లో ఎన్నడూ చర్చకు రాని విషయం. ఏటి ఒడ్డున కాన్వాసు గుడారం, నేల మీద ఒక దుప్పటి. హైస్కూలు ప్రిన్సిపాలుగా పదవీ విరమణ చేసిన థేన్ ఆ విషయంలో రాజీ ఎరుగరు. ఆయన ముత్తాత చేతిబండి లాక్కుంటూ మైదానాలన్నీ కాలినడకన దాటి ఈ ఐడహో లోయకు చేరినవాడు. దారి పొడుగునా నేల మీదే పడుకున్నవాడు. పండుగనాడు జెండా కింద నిలబడి ఆ సంగతిని సభకు గుర్తుచేసే బాధ్యత ఏటా థేన్‌దే. దుంగల క్యాబిన్లలో దిగేవారిని ఆయన "గోడలవాళ్ళు" అనేవారు. ఆ పిలుపులో కొంత జాలి కూడా ఉండేది.

అయితే, గడిచిన చలికాలం నుంచి ఆయన నడుము ఆయన మాట వినడం మానివేసింది. ఉదయంపూట స్నానాలగది తలుపు గడియ వేసుకొని, మాంసం కాల్చేటప్పుడు వాడే పొడుగాటి పట్టకారుతో మేజోళ్ళు తొడుక్కొనేవారు. ఆ టకటకలు వంటగదిలోకి స్పష్టంగా వినిపించేవి. అవి ఆగిన తరువాతనే ఆయన భార్య వెర్డా ఓట్స్ జావ వడ్డించేది. ఏమీ అడిగేది కాదు.

ఒకనాడు ఉదయం ఆమె బఠాణీ మడికి ఎరువు వేయడానికి పెరట్లోకి వెళ్ళగానే, థేన్ క్యాంపు నడిపే ఆర్డిస్‌కు ఫోను చేశారు.

"మీ చోటు మీకే ఉంచాను లెండి, బ్రదర్ థేన్," అంది ఆర్డిస్. "ఏటి పక్కన. రాళ్ళు కూడా ఏరించలేదు, మీకు నచ్చదని."

"ఈసారి క్యాబిన్ కావాలి. కొలనుకు దగ్గరగా. మంచం గట్టిగా ఉండాలి. మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ ఉండాలి."

అవతల రిజిస్టరు పేజీలు తిప్పిన చప్పుడు ఆగిపోయింది.

"ఎవరికి బాగాలేదు?"

థేన్ కిటికీలోంచి చూశారు. వెర్డా ఎరువు బస్తాను భుజాన వేసుకొని మడి దాటుతోంది.

"వెర్డాకు," అన్నారు. "ఆమె ఇక నేల మీద పడుకొనే స్థితిలో లేదు. ఈ మాట మాత్రం ఆమె దగ్గర ఎత్తవద్దు. తట్టుకోలేదు."

ఆ చివరి మాట అనకుండా ఉంటే వ్యవహారం మోకాళ్ళ నొప్పి దగ్గర ఆగిపోయేదేమో. ఆ లోయలో రోగమేమిటని అడగడం మర్యాద కాదు. అడగకుండా వండి పంపడం మర్యాద. ఆర్డిస్ ఎవరికీ చెప్పలేదు. ప్రార్థన కోసం చర్చి మహిళా సంఘం అధ్యక్షురాలికి మాత్రం చెప్పింది. ప్రార్థించవలసింది సంఘమంతా కనుక ఆ అధ్యక్షురాలు సంఘానికి చెప్పింది. మరునాటికి లోయలో వెర్డా పరిస్థితి విషమించింది.

ఆ చర్చిలో బిషప్‌కు జీతం ఉండదు; బిషప్ లైల్ తన టైర్ల దుకాణం మూసివేసి వచ్చాడు. థేన్‌ను వాకిట్లోనే పట్టుకొని, రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకొన్నాడు.

"నేనేమీ అడగను, బ్రదర్ థేన్."

"నిజానికి, లైల్, ఆ విషయంలో నేను ఒక మాట..."

"వద్దు. మీరేమీ చెప్పకండి."

"చెప్పవలసిన అవసరం ఉంది."

"మా అమ్మ పోయేముందు మా నాన్న కూడా ఇలాగే చెప్పాలని చూశాడు. చెప్పలేకపోయాడు." లైల్ కళ్ళు తుడుచుకొన్నాడు. "బడిలో మీరు కొట్టిన దెబ్బలు కూడా ఇంత నొప్పి పుట్టించలేదండీ. పండుగ ప్రసంగం మాత్రం మీరే చెయ్యాలి. ఈ ఏడు ఆ మాటలు మాకు చాలా అవసరం."

థేన్ నోరు తెరిచారు. నిజం చెబితే అబద్ధికుడవుతారు, నేల మీద పడుకోలేని మనిషీ అవుతారు. ఈ రెంటిలో మొదటిదాన్ని ఆయన భరించగలిగేవారు. నోరు మూసుకొన్నారు.

భోజనాల దగ్గర భార్యతో అన్నారు. "ఈసారి నీ సుఖం కోసం క్యాబిన్ తీసుకున్నాను."

"నా సుఖం కోసమా?"

"నీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళకేమయింది?"

"వయసు."

వెర్డా ఆయన వంక కొంతసేపు చూసి, "సరే," అంది.

పండుగ ముందురోజు వాళ్ళు చేరేసరికి, కొలనుకు ఎదురుగా ఉన్న క్యాబిన్‌ను ఆర్డిస్ ముస్తాబు చేసి ఉంచింది. అంతకుముందు దాన్ని కొత్తగా పెళ్ళయిన జంట తీసుకొన్నారు. సంగతి విని వాళ్ళే ఏడుస్తూ ఖాళీ చేసి, టెంటులోకి మారారు. వసారా నిండా రేకు కాగితం కప్పిన పళ్ళేలు బారులు తీరి ఉన్నాయి. వెర్డా ఒకదాని మూత ఎత్తింది. తురిమిన బంగాళదుంప, జున్ను, మీగడ, పైన కరకరలాడే మొక్కజొన్న అటుకులు. ఎవరైనా పోయిన ఇంటికి వండి పంపేది కనుక ఆ లోయలో దాన్ని చావింటి దుంపలంటారు. ఆమె ఇంకో మూత ఎత్తింది. అవే దుంపలు.

"థేన్, ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదు," అన్నారు థేన్. "ఇంకా."

అంతలో ఆర్డిస్ వచ్చి వెర్డాను గట్టిగా కౌగిలించుకొంది. "ఎంత ప్రశాంతంగా ఉన్నావు సిస్టర్. ముఖంలో ఎక్కడా కనిపించడం లేదు."

"ఏం కనిపించడం లేదు?"

ఆర్డిస్ జవాబు చెప్పకుండా వెక్కింది. వెర్డా ఆమె భుజం మీదుగా భర్తను చూసింది. ఆయన ఒక చేత్తో మెట్ల కమ్మీని, మరొక చేత్తో నడుమును పట్టుకొని, ఆకాశంలోని మబ్బులను పరిశీలిస్తున్నారు. ఆమెకు అంతా అర్థమైంది. నిదానంగా లోపలికి వెళ్ళి, మంచం మీద పడుకొని, దుప్పటి గడ్డం దాకా లాక్కొంది.

"అవును ఆర్డిస్. కాస్త నీరసంగానే ఉంది."

"మేం వంతులవారీగా నీ దగ్గర కూర్చుంటాం. ఉన్నది ఒక్కటే గది, మగవాళ్ళుంటే కుదరదు. బ్రదర్ థేన్, మీరు బెంగపడకండి. మీ పాత చోట్లోనే లైల్ మీ టెంటు వేశాడు. ఆ నేలంటే మీకెంత ప్రాణమో మాకు తెలియదా?"

థేన్ మంచం వైపు ప్రాధేయపడుతున్నట్టు చూశారు.

"వెళ్ళు థేన్," అంది వెర్డా నీరసమైన గొంతుతో. "మీ ముత్తాత పడుకున్న నేల కదా. నాకోసం మానుకోకు."

పండుగ ఉదయం జెండా ఎగిరింది, పాట అయింది. ప్రసంగానికి వేళయినా థేన్ రాలేదు. సభలో ఎవరూ గొణగలేదు. లైల్ టోపీ తీసి చేత్తో పట్టుకొని ఏటి ఒడ్డుకు వెళ్ళి, గుడారం బయట నిలబడ్డాడు.

"బ్రదర్ థేన్, అంతా ఎదురుచూస్తున్నారు."

"నేను లేవలేకపోతున్నాను, లైల్."

"అర్థమైంది. దుఃఖం అలాంటిదే."

"దుఃఖం కాదు. నడుము."

లైల్ గుడారం తెర పక్కకు తీశాడు. "ఎవరి నడుము?"

"నాది."

ఆయనను దుప్పటితో సహా ఎత్తి బయటికి తేవడానికి నలుగురు మనుషులు కావలసివచ్చారు. ఆ ఇసుకలో కారు దిగబడుతుంది. పండుగ ఊరేగింపుకోసం పూర్వకాలపు నమూనాలో చేయించిన చేతిబండి ఒకటి మాత్రం సిద్ధంగా ఉంది. వేడినీళ్ళలో దింపితే సర్దుకొంటుందని ఎవరో అన్నారు. ఆ విధంగా థేన్ హాల్వర్సన్ చేతిబండిలో వెల్లకిలా పడుకొని, సభ మధ్య నుంచి, జెండా కింద నుంచి వెళ్ళారు. పిల్లలు అది ఊరేగింపులో భాగమనుకొని చప్పట్లు కొట్టారు.

క్యాబిన్ తలుపు తెరుచుకొంది. నిద్రపోతోందనుకొన్న రోగి చేతిలో చావింటి దుంపల పళ్ళెంతో, నోట్లో ముద్దతో, మెట్లన్నీ కమ్మీ పట్టుకోకుండా దిగి వచ్చింది. పళ్ళేన్ని ఆర్డిస్ చేతికిచ్చి, బండి కాడి తాను అందుకొంది.

"సిస్టర్ వెర్డా! నువ్వు లేవకూడదు," అంది ఆర్డిస్.

"నాకేం రోగం లేదు ఆర్డిస్. చలికాలం నుంచి ఈయన పట్టకారుతో మేజోళ్ళు తొడుక్కుంటున్నాడు. ఆ సంగతి ఒప్పించడానికి నేను చావాల్సి వచ్చింది."

ఎవరూ నవ్వలేదు. ఆ లోయవాసులు మర్యాదస్తులు. కొలను దాకా ఆపుకొన్నారు.

మెడలోతు వేడినీళ్ళలో దించాక థేన్‌కు నడుము కొంచెం వదిలింది. ఒడ్డు చుట్టూ సభ చేరింది. ప్రసంగం మిగిలే ఉంది.

"నా భార్య పేర అబద్ధమాడాను," అన్నారాయన. "మీ ప్రార్థనలనూ ఆ కొత్త దంపతుల గదినీ దొంగిలించాను. మా ముత్తాత బండి లాగాడని ఏటా చెబుతూ వచ్చాను. ఆ బండిలో మా ముత్తవ్వ, కాలు విరిగి, సగం దారి పడుకొని వచ్చింది. అది ఎప్పుడూ చెప్పలేదు."

ఆయన ప్రసంగాలన్నిటిలో అదే చిన్నది. వెర్డా పాదాలు నీళ్ళలో పెట్టుకొని, ఆయన పక్కన గట్టు మీద కూర్చుంది. "వచ్చే ఏడు క్యాబిన్ ఎవరి పేర తీసుకుంటావు?"

"నా పేరనే," అన్నారు థేన్.

కొత్త దంపతులు తమ గదికి తిరిగి వెళ్ళారు. పళ్ళేలను మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు. మధ్యాహ్నానికి అన్నీ ఖాళీ అయ్యాయి. చావింటి దుంపలు వండేది ఎప్పుడైనా బ్రతికివున్నవారి కోసమే.