కోపం పొద్దున్న ఆరింటికి వెళ్లిపోతుంది

పారిశుధ్య కార్మిక సంఘం కార్యదర్శి కొప్పల సన్యాసిరావు కోపం గత నెల ఇరవైమూడో తారీఖు నుంచి రోజూ పొద్దున్న ఆరు గంటలకు ఆయన ఒంట్లోంచి బయల్దేరి నేరుగా బ్లాగులోకి వెళ్లిపోతోంది. ఆరూ ఒక నిమిషానికి మనిషి ఖాళీ. ఆరూ అయిదుకి పళ్లు తోముకుంటాడు.

ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. సెట్టింగు.

సన్యాసిరావుకి పదేళ్లుగా ఒక అలవాటుంది. అన్యాయం ఎక్కడ కనబడితే అక్కడే రోడ్డు మీద నిలబడి ఫోన్లో నోట్సు యాప్ తెరిచి కొట్టేసుకుంటాడు. చేతొడుగులు ఇవ్వలేదు, ఒక నోటు. తోపుడుబండి చక్రం ఊడితే మోసుకు పొమ్మన్నారు, ఒక నోటు. మేస్త్రీ ఆడవాళ్లని బూతులు తిట్టాడు, మూడు నోట్లు. ఇవన్నీ ఏరి, సరిచేసి, సంఘం బ్లాగులో పెట్టాలని ఉండేది. తీరికేదీ? బ్లాగులో చివరి పోస్టు రెండేళ్ల కిందటి మేడే శుభాకాంక్షలు. అందులోనూ సగమే పడింది.

మున్సిపల్ ఆఫీసు ఎదురుగా జిరాక్స్ షాపు నడిపే లోకనాథం ఇది చూడలేకపోయాడు. నోట్సు యాప్‌కీ బ్లాగుకీ మధ్య ఒక దారి వేసి పెట్టాడు.

"నువ్వు నోటు రాసి నక్షత్రం గుర్తు పెట్టన్నా. పొద్దున్న ఆరింటికి దానంతటదే బ్లాగులో పడిపోద్ది. నువ్వు ముట్టుకోనక్కర్లేదు."

చివర్లో యాప్ ఒక ప్రశ్న అడిగింది. పంపించాక ఉంచాలా, తీసేయాలా?

"తీసెయ్," అన్నాడు సన్యాసిరావు. "ఫోన్లో జాగా ఎక్కడుంది? నిండా గుడ్ మార్నింగ్ పువ్వులే."

ఫోన్లోంచి తీసేస్తుందని ఇద్దరూ అనుకున్నారు. ఫోన్లోంచీ తీసింది, మనిషిలోంచీ తీసింది. సగం పని చేసి చెయ్యి దులుపుకునే రకం కాదు ఆ యాప్.

మొదటి రోజు సోమవారం. సోమవారం పూట సన్యాసిరావు గొంతు టీకొట్టు దగ్గర వినబడగానే వాచ్‌మన్ ఆఫీసు గేటుకి గొలుసు వేసేస్తాడు. అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఆ రోజూ గొలుసు పట్టుకుని తయారుగా ఉన్నాడు. సన్యాసిరావు వచ్చాడు. వాచ్‌మన్‌ని పలకరించాడు. లోపలికెళ్లి శానిటరీ ఇన్‌స్పెక్టరు గంగాధరం ఎదురుగా కూర్చుని, "మీ అమ్మాయి ఇంటర్ ఎలా రాసింది సార్?" అని అడిగాడు. గంగాధరం భయపడి ఒక బీపీ మాత్ర ఎక్కువ వేసుకున్నాడు. తర్వాత ఎవరో బ్లాగు చూపించారు. పొద్దున్న ఆరింటి పోస్టు. గంగాధరాన్ని పేరు పెట్టి మరీ కడిగేసింది. దాని కింద నాలుగు వందల హృదయాలు.

గంగాధరం పోస్టు అంతా చదివి, ఎదురుగా నవ్వుతూ టీ తాగుతున్న మనిషిని చూసి, ఊపిరి పీల్చుకున్నాడు. తనూ ఒక హృదయం నొక్కాడు.

విషయం కమిషనర్‌కి చేరింది. వారంలో సర్క్యులర్ వచ్చింది. కార్మికుల కోపాన్ని పొద్దున్న ఆరూ పదిహేనుకి చదివి, 'చూడబడినది' అని నమోదు చేయడానికి జూనియర్ అసిస్టెంట్ హేమసుందరిని నియమించారు. ధర్నా చేసుకునే చోట ఉచిత వైఫై పెట్టించారు. ఆఫీసుకొచ్చి నోటితో ఫిర్యాదు చేసేవాళ్ల మాటలు రాసుకోవడానికి హేమసుందరి ఫోన్లో కూడా లోకనాథం చేత అదే దారి వేయించారు. ఆఫీసు కాబట్టి అదనంగా 'ఇప్పుడే పంపు' అనే మీట ఒకటి. సంఘంలో ఎనభై ఆరుమంది సభ్యులు. ఎనభై అయిదుమంది లోకనాథం షాపు ముందు వరసకట్టి తమ ఫోన్లూ కలిపించుకున్నారు. మోకాళ్ల నొప్పులు మోకాళ్లలోనే ఉన్నాయి. కోపం మాత్రం పోయింది. షామియానా అద్దెకిచ్చేవాడు కొన్నాళ్లు చూసి ఐస్‌క్రీం బండి పెట్టుకున్నాడు.

మిగిలిన ఒక్కర్తే దాలమ్మ. ఆవిడది బటన్ల ఫోను. నోట్సు లేవు, నక్షత్రాలు లేవు. కోపం ఎక్కడ పుట్టిందో అక్కడే ఉండేది.

సరిగ్గా అప్పుడే కొత్త కాంట్రాక్టరు పనిలో ఉంచుకునేవాళ్ల జాబితా గోడకెక్కింది. పందొమ్మిదిమంది ఊడ్చేవాళ్ల పేర్లు లేవు. పద్నాలుగేళ్లుగా పెద్దబజారు ఊడుస్తున్న దాలమ్మ పేరూ లేదు. అభ్యంతరాలుంటే వచ్చే సోమవారం సాయంత్రం అయిదులోగా చెప్పుకోవాలి, ఆ తర్వాత జాబితా ఖరారు. కిందటేడూ ఇలాగే వేశారు. అప్పుడు సన్యాసిరావు గేటు దగ్గర నలభై నిమిషాలు అరిచాడు. పదకొండు పేర్లు వెనక్కొచ్చాయి. చట్టం చూసి కాదు, ఆ నోరు చూసి.

దాలమ్మ ఆయన్ని వెతుక్కుంటూ జిరాక్స్ షాపుకొచ్చింది.

"ఒరే సన్యాసీ! పందొమ్మిదిమందిమి రోడ్డు మీద పడ్డాం. ఏటి సేస్తన్నావురా ఇక్కడ?"

"పోస్టు పడిపోయిందప్పా. పొద్దున్నే. రెండువేలమంది చూశారు."

"సూసి?"

"చూశారప్పా."

దాలమ్మ లోకనాథం వైపు తిరిగింది. "అదేటో కాయితం మీద తియ్యి. ఈడి మొగం ముందర సదువు."

లోకనాథం ప్రింటు తీసి, గొంతు సవరించుకుని చదివాడు. "పద్నాలుగేళ్లు ఈ ఊరి కంపు మోసిన చేతుల్ని ఒక్క గీతతో కొట్టేసినవాడెవడు? వాడు బయటికొచ్చి దాలమ్మ కళ్లలోకి చూసేదాకా ఈ గేటు దగ్గర్నించి ఒక్కడు కదలడు!"

షాపులో జిరాక్సుల కోసం నిలబడ్డవాళ్లు కూడా ఊపిరి బిగబట్టి విన్నారు. సన్యాసిరావు తలూపాడు.

"గట్టిగా రాశాడప్పా. ఎవరిది?"

"నీదేరా, నీ జిమ్మడ!"

"నాదా?" సన్యాసిరావు మొహమాటంగా నవ్వి, ఫోన్ తీసి, పోస్టుకి ఒక హృదయం నొక్కాడు.

"ఇది మళ్లీ ఈడి ఒంట్లో ఎట్టెయ్యి," అంది దాలమ్మ.

"ఇటు నుంచి అటు పోయే దారే ఉంది పిన్నీ, అటు నుంచి ఇటు నేదు," అన్నాడు లోకనాథం. "రేపట్నించి ఆపమంటే ఆపేస్తాను. కానీ ఆపమని అన్నే చెప్పాల."

దాలమ్మ సన్యాసిరావుని చూసింది. ఆయన కాసేపు చెప్పు అంచుతో నేల గీరాడు.

"ఎందుకప్పా? పదేళ్లకి నిద్ర పడతంది. అన్నం సయిస్తంది. మా ఇంటిదీ సంతోషంగా ఉంది."

"మరి నా సీపురు?"

"దాని మీద ఇంకో పోస్టు పెడతానప్పా."

సోమవారం పది గంటలకి దాలమ్మ ఒక్కర్తే చీపురు పట్టుకుని గేటు ముందు కూర్చుంది. కూర్చుని నోరు విప్పింది.

"బయటికి రండర్రా! మీ పెళ్లిళ్ల ఇస్తరాకులు ఎత్తినాను. మీ సచ్చిన కుక్కల్ని మోసినాను. వరదొచ్చి మీ ఇళ్లల్లో బురద నిండితే ఈ సేతుల్తో తోడినాను. నా పేరు కొట్టేసినోడెవడో రమ్మనండి, ఆడి సేత్తో ఈ సీపురట్టుకుని ఒక్క పూట బజారు ఊడ్సమనండి!"

అయిదు వారాలుగా కోపాన్ని తెరమీద చదవడమే తప్ప చెవులతో వినని ఆఫీసు ఒక్కసారి లేచి నిలబడింది. ఫైళ్లు కట్టేవాళ్లు కట్టడం ఆపారు. వాచ్‌మన్ గొలుసు కోసం పరిగెత్తాడు. ఎక్కడ పెట్టాడో గుర్తు రాలేదు. రోడ్డు మీద బైకులు ఆగాయి. ఒకాయన బాగానే అడిగాడు, "లింకు పంపించు పిన్నీ, ఇంటికెళ్లి చూస్తాను."

కమిషనర్ గదిలో బెల్లు మోగింది.

"బయట ఎంతమందయ్యా?"

"ఒకావిడే సార్," అన్నాడు గంగాధరం.

"ఒక్కరే అయితే నాకింత భయమేంటయ్యా?"

గంగాధరం వెళ్లి కిటికీ మూశాడు. దాలమ్మ ఆగలేదు. ఒంటిగంటకీ ఆగలేదు, మూడింటికీ ఆగలేదు. నాలుగున్నరకి కమిషనర్ జాబితా తెప్పించుకుని పెన్ను మూత తీశాడు. దాలమ్మ పేరు ఏ వరసలో రాయాలో గంగాధరం వేలితో చూపించాడు.

హేమసుందరి మెట్ల మీద నిలబడి ఏడుస్తోంది. ఆ పిల్ల తల్లి కూడా ఒకప్పుడు ఊడ్చినావిడే. ఇంత మాట, ఇంత బాధ, గాలికి పోతోందనిపించింది. అయిదు దాటితే ఎక్కడా నమోదు కూడా కాదు. దాలమ్మ పక్కన కింద కూర్చుని, ఒక్క అక్షరం పోకుండా ఆవిడ మాటలన్నీ ఫోన్లో కొట్టింది.

"నీ మాట ఊరంతా చదవాలి పెద్దమ్మా," అంది. నక్షత్రం పెట్టింది. నాలుగూ నలభైకి 'ఇప్పుడే పంపు' నొక్కింది.

"ఆడి సేత్తో ఆడే..." అంటున్న దాలమ్మ అక్కడే ఆగింది. చుట్టూ చూసింది. చీపురు చంకలో పెట్టుకుంది.

"ఎండ బాగా కాసిందమ్మా ఇయాల," అని లేచి ఇంటికెళ్లిపోయింది.

కమిషనర్ రెండు నిమిషాలు చెవి ఒగ్గి విన్నాడు. పెన్నుకి మూత పెట్టాడు. అయిదింటికి జాబితా ఖరారైంది.

పోస్టు మాత్రం బ్రహ్మాండంగా నడిచింది. రెండు రోజుల్లో పదకొండువేల హృదయాలు. 'కళ్లు చెమర్చాయి' అని గంగాధరం రాశాడు. 'ఇదీ మన భాష' అని ఎవరో మాస్టారు రాశారు. సన్యాసిరావు నలుగురికి పంపించాడు. హేమసుందరి దాలమ్మ ఇంటికెళ్లి చదివి వినిపించింది. దాలమ్మ శ్రద్ధగా వింది.

"పాపం, ఎవులికో సానా అన్యాయం జరిగింది," అంది. "ఆవిడ పనేటయ్యిందమ్మా?"

హేమసుందరి లేచింది. బయటికొచ్చి, గోడ పక్కన నిలబడి, కడుపులో మండుతున్నదంతా ఫోన్లో రాసుకుంది. నక్షత్రం పెట్టాలా వద్దా అని కాసేపు చూసింది. మర్నాడు డ్యూటీ ఉంది. పెట్టింది.

మున్సిపల్ ఆఫీసు గేటుకి ఇప్పుడు గొలుసు వేయడం లేదు. రెండు తలుపులూ పొద్దస్తమానం బార్లా తెరిచే ఉంటున్నాయి. దాలమ్మ రోజూ ఆ దారినే వెళుతుంది. ముందర ఏ అరటితొక్కో పడి ఉంటే అలవాటుగా వంగి తీసి పక్కన పడేసి, తన దారిన తను పోతుంది. లోపలికి ఎవరైనా వెళ్లొచ్చు.